మామయ్య చెరువు, నా జెనెటిక్ అల్గారిథం

సంక్రాంతి సెలవులకు అమ్మమ్మ వాళ్ల ఊరు వెళ్లాను. గుడివాడ దాటి ముదినేపల్లి వైపు వెళ్తుంటే రోడ్డుకి రెండు పక్కలా చెరువులే కనిపిస్తాయి. మొన్నటిదాకా కృష్ణా జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా. జిల్లా మారినా చేప మారలేదు. అక్కడ పెరిగే శీలావతి, బొచ్చె ఐస్ పెట్టెల్లోకి ఎక్కి, లారీల్లో కలకత్తా దాకా, అస్సాం దాకా వెళ్తాయి. శీలావతి అంటే మనం హోటల్ మెనూలో చూసే రోహూనే. బొచ్చె అంటే కట్లా.

మా మేనమామ పదకొండు ఎకరాల చెరువు కౌలుకి చేస్తాడు. నేను వెళ్లిన రోజే పట్టుబడి. తెల్లవారుజామున వల లాగుతుంటే గట్టు మీద నిలబడి ఫోన్లో వీడియో తీస్తున్నాను. కాటా వేయడం మొదలయ్యాక మామయ్య మొహం చూసి ఫోన్ జేబులో పెట్టేశాను. పదమూడు నెలలు మేపిన చెరువు అది. ఒక చేప కిలో పైన తూగుతోంది, పక్కదేమో ఆరొందల గ్రాములు కూడా లేదు. అదే నీళ్లు, అదే తవుడు, అదే చెక్క. కర్రలకి కట్టిన చిల్లుల సంచుల్లోంచి అన్నీ ఒకేలా తిన్నాయి.

సాయంత్రం లెక్కలు చూసుకుని మామయ్య అన్నాడు: "సీడు బాలేదురా అల్లుడూ. తక్కువకి వస్తుందని తెచ్చాను. ఈసారి జయంతి సీడు అంట, రేటు ఎక్కువ చెప్తున్నాడు. నువ్వు కంప్యూటర్లు చదువుతున్నావు కదా, చెప్పు. మంచి సీడు అంటే ఏంటి అసలు? నిజంగా తేడా ఉంటదా, పేరుకేనా?"

నాకు సమాధానం రాలేదు. ఇందులో సిగ్గుపడాల్సిన విషయం ఏంటంటే, సరిగ్గా రెండు వారాల ముందు సెమిస్టర్ పరీక్షలో జెనెటిక్ అల్గారిథం మీద పది మార్కుల ప్రశ్న రాసి వచ్చాను. పాపులేషన్, ఫిట్‌నెస్, సెలెక్షన్, క్రాసోవర్, మ్యుటేషన్ అన్నీ బొమ్మలతో సహా రాశాను. ఆ అల్గారిథం ఎక్కడి నుంచి వచ్చిందో ఆ అసలు విషయాన్ని మా మామయ్య అడిగితే నోరు పెగల్లేదు. అత్తయ్య గాజులు బ్యాంకులో ఉన్నాయని అదే రాత్రి అమ్మమ్మ చెప్పింది. కౌలు డబ్బు కట్టే గడువు మార్చి. అంటే ఆ ప్రశ్న పది మార్కులది కాదు.

అప్పటి నుంచి చదివింది, అర్థమైనంత వరకు, మీ కోసం రాస్తున్నాను. నేను చిన్నప్పటి నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగులో ఇంత పొడుగు వ్యాసం రాయడం ఇదే మొదటిసారి.

ముందు ఒక ఆశ్చర్యం చెప్తాను. శీలావతి నది చేప. చెరువులో హాయిగా పెరుగుతుంది గానీ, మామూలుగా అక్కడ గుడ్లు పెట్టదు. దానికి వరద నీరు, ప్రవాహం కావాలి. అందుకే ఒకప్పుడు చెరువుల్లో వేయడానికి పిల్లల్ని వానాకాలంలో నదుల్లోంచి పట్టుకొచ్చేవాళ్లు. అందులో ఏ జాతి పిల్లలు ఎన్ని వచ్చాయో ఎవరికీ తెలిసేది కాదు.

1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త, ఆయనతో పాటు ఆలికున్హి, చేప పీయూష గ్రంథి నుంచి తీసిన రసాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి, మన కార్పు చేపలు చెరువు దగ్గరే గుడ్లు పెట్టేలా చేశారు. నది నుంచి రావాల్సిన సిగ్నల్‌ని సూదితో ఇచ్చారన్నమాట. ఇప్పటికీ జూలై 10ని మన దేశంలో చేపల రైతుల దినంగా జరుపుతారు. ఆ తర్వాత గుండ్రటి సిమెంటు తొట్లలో నీళ్లు తిప్పుతూ గుడ్లు పొదిగించే హ్యాచరీలు వచ్చాయి. డెల్టాలో ఈ రోజు కనిపించే చెరువులన్నిటి వెనకా ఆ ఇంజెక్షన్ ఉంది.

అయితే దీంతో ఒక పెద్ద బాధ్యత మనిషి చేతికి వచ్చింది. నదిలో ఏ చేపకి ఏ చేప జత అనేది నది చూసుకునేది. ఇప్పుడు తర్వాతి తరానికి అమ్మానాన్నలు ఎవరో హ్యాచరీ నిర్ణయిస్తుంది. అంటే ఎంపిక అప్పుడే మొదలైపోయింది. మనం తెలిసి చేస్తున్నామా, తెలియక చేస్తున్నామా అన్నదే తేడా.

తెలియక చేస్తే ఏమవుతుందో చూడండి. ఒక ఆడ శీలావతి లక్షల్లో గుడ్లు పెడుతుంది. కొన్ని జతలతోనే ఒక హ్యాచరీ బోలెడు సీడు అమ్మేయొచ్చు. ఖర్చు తక్కువ. బాగా పెరిగిన పెద్ద చేపకి మార్కెట్లో మంచి రేటు కాబట్టి దాన్ని అమ్మేసి, మిగిలినవాటిని తల్లి చేపలుగా ఉంచుకుంటే? అది కూడా సెలెక్షనే. కాకపోతే రివర్స్‌లో. మెల్లగా పెరిగేవే తర్వాతి తరానికి తల్లిదండ్రులవుతాయి.

రెండో సమస్య మేనరికాల లాంటిది. తొట్టిలో 45 ఆడ, 5 మగ చేపలు వాడారనుకుందాం. చూడ్డానికి 50 చేపలు. కానీ పిల్లలందరికీ తండ్రి వైపు నుంచి వచ్చే జన్యువులు ఐదింటివే. దీనికో సూత్రం ఉంది. ఆడ సంఖ్యనీ మగ సంఖ్యనీ గుణించి, నాలుగు రెట్లు చేసి, మొత్తం చేపల సంఖ్యతో భాగించాలి. 45 × 5 × 4 అంటే 900, దాన్ని 50తో భాగిస్తే 18. పేరుకి 50, పనికొచ్చేది 18. తరానికి ఎంత రక్తసంబంధం పెరుగుతుందో కావాలంటే ఒకటిని ఆ సంఖ్యకి రెట్టింపుతో భాగించాలి. ఇక్కడ 1/36, అంటే దాదాపు 2.8 శాతం. అదే 25 ఆడ, 25 మగ వాడితే 1 శాతమే. ఖర్చులో పెద్ద తేడా లేదు, ఫలితంలో మూడింతల దాకా తేడా. బయటి రక్తం కలపకుండా పది తరాలు ఇలాగే నడిస్తే పెరుగుదల తగ్గడం, వంకర చేపలు, చిన్న జబ్బుకే చచ్చిపోవడం మొదలవుతాయి.

జెనెటిక్ అల్గారిథం కోడ్ రాసినవాళ్లకి ఇది వెంటనే తెలుస్తుంది. పాపులేషన్ సైజు మరీ చిన్నగా పెడితే ఏమవుతుంది? నాలుగు తరాలకే అన్ని సొల్యూషన్లూ ఒకేలా తయారై, ముందుకి కదలకుండా ఆగిపోతుంది. మనకైతే రీస్టార్ట్ కొడితే సరిపోతుంది. హ్యాచరీలో రీస్టార్ట్ అంటే మళ్లీ నదికి వెళ్లడమే.

సరిగ్గా అదే పని చేశారు భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలో. కేంద్ర మంచినీటి ఆక్వాకల్చర్ సంస్థ అక్కడ ఉంది. అందరూ సీఫా అంటారు. దాని ప్రాంతీయ కేంద్రం ఒకటి మన విజయవాడ పక్కనే పోరంకి వైపు ఉంది. మా కాలేజీ బస్సు ఆ రోడ్డులోనే రోజూ తిరుగుతున్నా నాకు తెలియలేదు. సీఫా వాళ్లు 1992లో నార్వేకి చెందిన ఆక్వాఫోర్స్క్ సంస్థతో కలిసి శీలావతి మీద ఎంపిక ప్రజననం మొదలుపెట్టారు. ముందు గంగ, యమున, బ్రహ్మపుత్ర, గోమతి, సట్లెజ్ నదుల నుంచి చేపలు తెచ్చారు. వాటికి తమ ఫారం చేపల్ని కలిపారు. మొదటి పాపులేషన్‌లో వైవిధ్యం ఎంత ఎక్కువ ఉంటే, ఎంపిక చేసుకోవడానికి అంత సరుకు ఉంటుంది కాబట్టి.

నార్వే వాళ్లే ఎందుకంటే, ఈ పద్ధతిని చేపల్లో పెద్ద ఎత్తున ముందు చేసి చూపించింది వాళ్లే. 1970లలో వాళ్ల నదుల నుంచి సాల్మన్ చేపల్ని సేకరించి, కుటుంబాలుగా పెంచి, తరం తరానికీ ఎంచుకుంటూ పోయారు. ఆవుల్లో, కోళ్లలో ఎప్పటి నుంచో చేస్తున్నదాన్నే చేపకి తెచ్చారు.

ఇక్కడే మా మామయ్య ఒక మంచి ప్రశ్న వేశాడు. ఫోన్లో ఇదంతా చెప్తుంటే మధ్యలో ఆపి, "ఇంత హడావుడి దేనికిరా? పట్టుబడిలో బాగా పెద్దవి ఓ ఇరవై దాచి, వాటితో పిల్లలు తీయిస్తే పోలా?" అన్నాడు.

వినడానికి సరిగ్గానే ఉంది. చిక్కు ఎక్కడంటే, ఒక చేప పెద్దగా ఎందుకు ఉంది అన్నదానికి చాలా కారణాలుంటాయి. మన డెల్టాలో పిల్లల్ని నర్సరీ చెరువులో ఇరుకుగా, తక్కువ మేతతో ఏడాది దాకా ఉంచి, తర్వాత పెద్ద చెరువులో వేస్తారు. వదలగానే అవి జోరుగా పెరుగుతాయి. ఆ పిల్లల్లో కొన్ని వయసులో పెద్దవి కావచ్చు. కొన్ని మేత సంచి దగ్గర చోటు సంపాదించిన గడుసువి కావచ్చు. ఆ అదృష్టం పిల్లలకి రాదు. పిల్లలకి వచ్చేది జన్యువుల వల్ల వచ్చిన భాగం మాత్రమే. ఆ భాగం మొత్తం తేడాలో ఎంత అన్నదాన్ని అనువంశికత అంటారు. సున్నా నుంచి ఒకటి మధ్యలో ఉండే సంఖ్య అది.

ఒక ఊహా లెక్క వేద్దాం. చెరువులో సగటు బరువు 800 గ్రాములు. మనం ఎంచుకున్న పెద్ద చేపల సగటు 1,100. తేడా 300. అనువంశికత 0.3 అనుకుంటే, పిల్లల తరంలో మనకి దక్కేది 300లో 0.3 వంతు, అంటే 90 గ్రాములు. పిల్లల సగటు 890 అవుతుంది గానీ 1,100 కాదు. మిగతా 210 గ్రాములు సంచి దగ్గర దొరికిన చోటు, ముందు పుట్టిన లాభం, అలాంటివన్నీ. మన భాషలో చెప్పాలంటే సిగ్నల్ 30 శాతం, మిగతా 70 నాయిస్.

సీఫా వాళ్ల పని అంతా ఈ నాయిస్‌లోంచి సిగ్నల్‌ని బయటికి తీయడమే. ఒక్కో తల్లిదండ్రుల జత పిల్లల్ని విడిగా పెంచుతారు. పది పదిహేను గ్రాములు వచ్చాక ఒక్కో పిల్ల శరీరంలోకి బియ్యపు గింజలాంటి గాజు గొట్టం ఎక్కిస్తారు. దాన్ని పిట్ ట్యాగ్ అంటారు. బ్యాటరీ ఉండదు. రీడర్ దగ్గరికి తెస్తే నంబరు చెబుతుంది. కారు అద్దం మీద ఫాస్టాగ్ పనిచేసేది కూడా ఇలాంటి సూత్రం మీదే. ట్యాగ్ వేశాక అన్ని కుటుంబాల పిల్లల్నీ ఒకే చెరువులో కలిపేస్తారు. అప్పుడు నీళ్లు, మేత అందరికీ ఒకటే. పెరిగాక తూచి, నంబరు చూసి, ఏ చేప ఏ ఇంటి పిల్లో తెలుసుకుంటారు.

ఇప్పుడు ఒక చేప విలువని దాని బరువు ఒక్కదానితోనే కట్టరు. దాని అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఎలా పెరిగారో కూడా కలిపి లెక్కిస్తారు. ఒక్కడే పెద్దగా ఉండి ఇంట్లో మిగతావాళ్లంతా చిన్నగా ఉంటే అది అదృష్టం కావచ్చు. ఇల్లంతా పెద్దగా ఉంటే అది జన్యువులు అయ్యే అవకాశం ఎక్కువ. మన ఊళ్లో పెళ్లి సంబంధం చూసేటప్పుడు అబ్బాయి ఒక్కడినే కాకుండా ఇంటిని కూడా చూస్తారు కదా, ఆ పద్ధతి. దీని వెనకున్న గణితాన్ని అమెరికాలో హెండర్సన్ అనే ప్రొఫెసర్ పాడి ఆవుల కోసం తయారుచేశారు. వంశవృక్షం మొత్తాన్ని ఒక పెద్ద మ్యాట్రిక్స్‌గా రాసి, అన్ని జంతువుల విలువలూ ఒకేసారి సాల్వ్ చేస్తారు. లీనియర్ ఆల్జీబ్రా ఎందుకు పనికొస్తుందని క్లాసులో అడిగినవాళ్లకి ఇదీ జవాబు.

శీలావతి పెద్దదై గుడ్లు పెట్టడానికి దాదాపు రెండేళ్లు పడుతుంది. కాబట్టి ఇక్కడ ఒక ఇటరేషన్ అంటే రెండేళ్లు! అయినా ఓపికగా చేశారు. తరానికి సగటున 17 శాతం దాకా పెరుగుదల మెరుగైంది. చక్రవడ్డీ లెక్కలో చూస్తే 17 శాతం చొప్పున ఐదు తరాలకి రెండింతలు దాటుతుంది. ఆంధ్రతో సహా వేర్వేరు రాష్ట్రాల్లో చెరువుల్లో వేసి పరీక్షించారు. స్వాతంత్ర్య స్వర్ణోత్సవం 1997లో వచ్చింది కాబట్టి ఆ చేపకి జయంతి అని పేరు పెట్టారు. మా మామయ్యకి రేటు ఎక్కువ చెప్పిన 'జయంతి' ఇదే. అంటే పేరుకి మాత్రమే కాదు, వెనక నిజమైన పని ఉంది. ఇందులో పరాయి జాతి జన్యువు చొప్పించడం లాంటిదేమీ లేదు. ఉన్న శీలావతుల్లోంచే ఏరుకుంటూ రావడం.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. 1988లో ఫిలిప్పీన్స్‌లో తిలాపియా మీద ఇదే పద్ధతి మొదలుపెట్టి గిఫ్ట్ అనే రకాన్ని తయారుచేశారు. ఆఫ్రికా నుంచి తెచ్చిన అడవి రకాలనీ, ఆసియాలో అప్పటికే పెంచుతున్న రకాలనీ కలిపి మొదలుపెట్టారు. ఆ గిఫ్ట్ తిలాపియా మన కృష్ణా జిల్లాలోనే, ఉంగుటూరు మండలం మానికొండలో ఉన్న రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం వాళ్ల ఫారంలో ఉంది. నీలకంఠ రొయ్య మీద కూడా 2007లో సీఫా, వరల్డ్‌ఫిష్ సంస్థ కలిసి పని మొదలుపెట్టాయి. దానికి గుజరాత్, కేరళ, ఒడిశా రొయ్యల్ని తెచ్చుకున్నారు.

పెరుగుదల సంగతి ఇది. జబ్బుల సంగతి ఇంకా కష్టం. బరువైతే కాటా వేస్తే తెలుస్తుంది. జబ్బుని తట్టుకునే శక్తిని ఏ కాటాతో తూచాలి? జబ్బు రావాలి, కొన్ని చచ్చిపోవాలి, అప్పుడు గానీ తెలియదు. కానీ తర్వాతి తరానికి తల్లిదండ్రులు కావాల్సిన చేపలకి జబ్బు అంటించలేం కదా. అందుకే వాటి తోడబుట్టినవాటిని వేరే ట్యాంకులో పరీక్షిస్తారు. ఏ కుటుంబంలో ఎక్కువ పిల్లలు బతికాయో చూసి, ఆ కుటుంబంలోని ఆరోగ్యంగా ఉన్న అన్నదమ్ముల్ని వాడుకుంటారు. కార్పు చేపల్లో పుండ్లు, రక్తపు మచ్చలు తెచ్చే ఏరోమోనాస్ అనే బ్యాక్టీరియా మీద సీఫాలో ఇలాగే జయంతిలోంచి తట్టుకునే లైను, తట్టుకోలేని లైను విడదీసి చూశారు. తట్టుకునే లైను పిల్లలు ఎక్కువ బతికాయి. అంటే జబ్బుని ఓర్చుకోవడం కూడా కొంతవరకు రక్తంలో వస్తుంది.

నత్తలు, ఆల్చిప్పలు, రొయ్యలకైతే ఎంపిక ఇంకా ముఖ్యం. మనకి, చేపలకి ఉన్నట్టు యాంటీబాడీలు తయారుచేసే వ్యవస్థ వాటికి లేదు. కాబట్టి చేపలకి వేసినట్టు టీకా వేసి ఊరుకోవడం కుదరదు. అమెరికాలో డెలావేర్ బే అనే చోట 1957లో ఒక పరాన్నజీవి వల్ల ఆల్చిప్పలు గుట్టలు గుట్టలుగా చచ్చిపోయాయి. మన దగ్గర చౌధురి గారు ఇంజెక్షన్ ఇచ్చిందీ అదే ఏడాది! రట్గర్స్ యూనివర్సిటీకి చెందిన హాస్కిన్ అనే ఆయన, ఆ చావుల్లో బతికి బయటపడ్డ ఆల్చిప్పల్ని తెచ్చి, వాటితోనే పిల్లల్ని తీయించి, తట్టుకునే రకాల్ని తయారుచేశారు. జబ్బే పరీక్ష పెట్టింది, ఆయన పాసైనవాళ్లని ఏరుకున్నారు.

మన కోస్తాలో ఆ పరీక్ష 1994-95లో వచ్చింది. తెల్లమచ్చల వైరస్ టైగర్ రొయ్యని ఊడ్చేసింది. ఆ తర్వాత 2009లో వనామీ రొయ్యని పెద్ద ఎత్తున అనుమతించారు. దాని తల్లి రొయ్యలు విదేశాల్లోని ఎంపిక కేంద్రాల నుంచి విమానాల్లో వచ్చి, చెన్నైలో క్వారంటైన్ దాటి, మన హ్యాచరీలకి చేరతాయి. ఇక్కడ చాలామంది పొరబడే మాట ఒకటుంది. ఎస్పీఎఫ్ అని సీడు డబ్బాల మీద రాస్తారు. దాని అర్థం 'ఫలానా జబ్బులు వీటిలో లేవు' అని. 'ఫలానా జబ్బులు వీటికి రావు' అని కాదు. ఇప్పుడే ఇన్‌స్టాల్ చేసిన కంప్యూటర్‌లో వైరస్ లేనంత మాత్రాన దానికి యాంటీవైరస్ ఉన్నట్టు కాదు కదా. రొయ్యల చెరువున్న మా చిన్నాన్నకి ఈ తేడా తెలియదు. నాకూ మొన్నటిదాకా తెలియదు.

ఇంకో ముడి ఉంది. వనామీలో టౌరా అనే వైరస్‌ని తట్టుకునే రకం కోసం హవాయిలో పనిచేసినవాళ్లకి, త్వరగా పెరిగే కుటుంబాలు ఆ వైరస్‌కి ఎక్కువగా పడిపోతున్నాయని కనిపించింది. ఒకదాన్ని పెంచితే ఇంకోటి తగ్గుతుంది. అందుకే రెండింటికీ వెయిట్లు ఇచ్చి కలిపి ఎంచాలి. ఒక్క బరువునే ఫిట్‌నెస్ ఫంక్షన్‌గా పెట్టుకుంటే, అల్గారిథం మనం అడిగింది ఇస్తుంది, మనకి కావాల్సింది ఇవ్వదు. అప్పుడప్పుడు అదృష్టం కూడా కలిసొస్తుంది. సాల్మన్‌లో ఐపీఎన్ అనే వైరస్‌ని తట్టుకోవడం చాలావరకు ఒకే ఒక్క చోట ఉన్న జన్యు తేడా మీద ఆధారపడి ఉందని స్కాట్లండ్, నార్వే బృందాలు కనిపెట్టాయి. ఇప్పుడు చిన్న రెక్క ముక్క పరీక్షించి ఎంచుకోవచ్చు. చాలా జబ్బులు ఇంత సులువుగా లొంగవు.

ఇవన్నీ చదివాక ఫిబ్రవరిలో మామయ్యకి ఫోన్ చేశాను. అరగంట చెప్పాను. చివర్లో ఆయన, "అయితే కొనమంటావా, వద్దంటావా?" అన్నాడు.

రిజల్ట్ అడిగితే థియరీ చెప్పానని అప్పుడు అర్థమైంది. జయంతి నిజమే. కానీ కౌసల్యాగంగలో మెరుగైన చేపకీ, డబ్బాలో మామయ్యకి వచ్చే పిల్లకీ మధ్య ఒక హ్యాచరీ, ఒక నర్సరీ ఉన్నాయి. ఆ హ్యాచరీ తల్లి చేపల్ని ఎక్కడి నుంచి తెచ్చింది? ఎన్నేళ్ల క్రితం తెచ్చింది? ఆడ ఎన్ని, మగ ఎన్ని? మళ్లీ కొత్త రక్తం తెచ్చిందా, లేక తెచ్చినవాటి పిల్లలతోనే నెట్టుకొస్తోందా? పేరు జయంతే ఉండొచ్చు, కానీ ఐదు మగ చేపలతో నాలుగు తరాలు తిప్పితే లోపల మిగిలేది తక్కువ. ఈ నాలుగు ప్రశ్నలూ అడగమన్నాను. ఇంకోటి కూడా చెప్పాను. ఎంత మంచి సీడైనా ఆక్సిజన్ పడిపోతే తేలుతుంది, పేను పడితే చిక్కిపోతుంది. మంచి సీడు అంటే మంచి అవకాశం మాత్రమే.

"ఒక చెరువులో అదీ, ఇంకో చెరువులో ఇదీ వేసి చూద్దామా?" అన్నాడు. వద్దన్నాను. అప్పుడు తేడా సీడుదో, చెరువుదో ఎలా తెలుస్తుంది? సీఫా వాళ్లు చేసిందే మనమూ చేద్దాం, రెండూ ఒకే చెరువులో. పిట్ ట్యాగులు మనం కొనలేం కాబట్టి, జయంతి పిల్లలకి పొట్ట కింద జత రెక్కల్లో కుడిది, మామూలు సీడుకి ఎడమది కత్తిరించాలి. రెండింటికీ కత్తిరించాలి, లేకపోతే దెబ్బ తిన్న బ్యాచ్‌కి అన్యాయం జరుగుతుంది. వేసేటప్పుడు రెండూ ఒకే సైజువి అయ్యుండాలి.

మామయ్య నవ్వి, "చేపలకి క్షవరం చేయమంటావు" అన్నాడు. కానీ చేశాడు. ఆ ఆదివారం నేనూ వెళ్లాను. వంద గ్రాముల పిల్లలు, అటు మూడొందలు, ఇటు మూడొందలు. కత్తెర పట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. అత్తయ్య నోట్‌బుక్‌లో గీతలు పెట్టి లెక్క రాసింది. మిగతా చెరువంతా సగం అదీ, సగం ఇదీ. మొత్తం డబ్బు ఒకే పేరు మీద పెట్టలేదు.

జూన్‌లో ట్రయల్ వల వేస్తే రెక్క కత్తిరించినవి 34 దొరికాయి. కుడి రెక్క లేనివి సగటున 410 గ్రాములు, ఎడమవి 370. మామయ్య సంతోషంగా ఫోన్ చేశాడు. నేను టీ-టెస్ట్ వేసి చూశాను. ఇంత తక్కువ చేపలతో, ఒక్కో బ్యాచ్ లోపల ఇంత తేడాతో, ఆ 40 గ్రాములు వట్టి యాదృచ్ఛికం కావడానికీ అవకాశం ఉంది. ఆ మాటే చెప్పాను. "అంటే పట్టుబడి దాకా ఆగాలంటావు, అంతేగా? పంట ఏదైనా అంతేలే" అన్నాడు.

సంక్రాంతికి పట్టుబడి. ఆరొందల చేపల రెక్కలు చూడాలి, తూచాలి, రాయాలి. మీలో ఎవరింట్లోనైనా చెరువు ఉంటే, మీరూ ఒక కత్తెర, ఒక నోట్‌బుక్ పట్టుకెళ్లండి. నా లెక్కలు వచ్చే సంచికలో రాస్తాను, జయంతి గెలిచినా ఓడినా.